ఆరోవాడి పక్క సాలు

సాగర్ నీళ్లు ఇంకా మా చేలకు రాని రోజులు. పరుగులో మా ఆయన్ని కొట్టినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పెళ్లికి ముందు ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాకా ఆగకుండా పరుగెత్తి వెళ్లి, అక్కడ ఏమీ ఎరగనట్టు నిలబడి కబుర్లు చెప్పాడట. ఆ పేరు విని ఒక కాలేజీవాళ్లు పిలిచి, కుర్రాళ్లకు పరుగు నేర్పమన్నారు. ఏడాది చూస్తామన్నారు. కాలేజీల పందెంలో జట్టు ఓడితే ఇంటికే.

ఆయన నేర్పడమంటే ఏమిటనుకున్నారు? ముందు తాను పరుగెత్తడం, "రండిరా!" అనడం. మైలు దాటి వెనక్కి చూస్తే రోడ్డు మీద పత్తి బళ్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. పదిహేనుమందిలో ఆరుగురు మిగిలారు. పందేనికి ఆరుగురూ కావాలి. ఆరోవాడు గీత దాటితేనే జట్టు వచ్చినట్టు లెక్క, ముందొచ్చిన జట్టుదే గెలుపు. ఇంకొక్కడు మానేస్తే ఉద్యోగం పోయినట్టే.

ఆ ఆదివారం మా పుట్టింటి మిరప కోతకు ఆయన్నీ లాక్కుపోయాను. దిగులుగా గట్టు మీద కూర్చుంటే ఊరుకుంటానా, ఒక సాలు అప్పగించాను. ఆయన కాయలు కొయ్యడం చూసి మా పెద్దమ్మ పడిపడి నవ్వింది.

"ఏంటయ్యా అల్లుడుగారూ, కాళ్లకున్న ఒడుపు వేళ్లకు లేదేం!"

మా కోతలో ఒక పద్ధతుంది. అందరూ ఒక వరసన సాగాలి. అందుకని చెయ్యి తిరిగిన మనిషిని నెమ్మది మనిషి పక్క సాల్లో పెడతారు. తన సాలు కోసుకుంటూనే ఆమె పక్క సాల్లో నాలుగు చెట్లు అందుకుంటుంది. ఆ రోజు ఆయన పక్క సాలు నాది. మధ్యాహ్నానికి ఆయన తలెత్తి, "నేనూ మీతోపాటే వచ్చానే!" అని మురిసిపోయాడు.

"వచ్చారు. మరి మీ కాలేజీ కుర్రాళ్ల దగ్గర మీరేం చేస్తున్నారు? చేను చివర నిలబడి రండిరా అంటున్నారు."

ఆయన మండుతున్న చేతులు మజ్జిగలో ముంచి కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆరోవాడి పక్కనే పరుగు. వాడు నూనె మిల్లువాళ్ల అబ్బాయి, భారీ మనిషి. "నా వల్ల కాదు మాస్టారూ, వదిలెయ్యండి" అంటే, "మాట్లాడుతున్నావంటే ఊపిరుందిరా, పద" అనేవాడట. తర్వాత తాను తప్పుకుని, అందరికంటే గట్టివాణ్ణి వాడి పక్కన పెట్టాడు. గట్టివాడు కాబట్టి నేర్పలేడని ఆయన్ని అన్నవాళ్లున్నారు. ఒక్క పూట వెనకబడి చూస్తే ఎంతటివాడికైనా నేర్పడం వస్తుంది.

పందెం రోజు నేనూ వెళ్లాను. అవతలి కాలేజీవాడు అందరికంటే ముందొచ్చి గొడుగు కింద సోడా తాగుతున్నాడు. వాళ్లవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఐదుగురయ్యారు, ఆరోవాడి జాడ లేదు. అప్పుడు దుమ్ములోంచి మావాళ్లు కనిపించారు. ఆరుగురూ! కోతకు నడుం వంచిన కూలీల్లా ఒకే వరస, మధ్యలో ఆ భారీ మనిషి. నా నెత్తి మీద కొంగు ఎటు పోయిందో తెలియదు, "రండి నాయనా!" అని గొంతు చించుకున్నాను. వాళ్ల ఆరోవాడు మలుపు తిరగకముందే మావాళ్లు గీత దాటారు.

ప్రిన్సిపాలుగారు పరుగున వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఇక మీరు ఎక్కడికీ వెళ్లడానికి లేదండీ" అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగాడు.

"మీ పెద్దమ్మకు కబురు పెట్టవే. వేళ్లకు రాకపోయినా బుర్రకెక్కిందని."