మచ్చలు ఉన్నవి కావాలి

తోళ్ల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను బుగ్గక్క అంటారు. మేకతోలు నునుపు తేల్చాల్సి వస్తే వేళ్లతో తడిమి ఊరుకోదు, మడిచి బుగ్గకు ఆనించుకుంటుంది. ముప్పై ఏళ్ల పనిలో వేళ్లు మొద్దుబారాయి, బుగ్గకు ఇంకా తెలుస్తోంది అంటుంది. పెళ్లయిన కొత్తలో ఆమె ఈ గదికి వచ్చినప్పుడు కిటికీల వారన ఎనిమిది బల్లలుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. దానికి ఇటు ఆమె, అటు వరసకు వదినయ్యే ఇంకో ఆవిడ.

పని చెప్పడానికి తేలిక. పదును చేసి ఆరబెట్టిన తోలు బల్ల మీదికి వస్తుంది. వెలుతురుకు వాల్చి చూసి వెనకవైపు సుద్దతో అంకె వేయాలి. ఒకటి పడితే విదేశాల్లో చేతిసంచి అవుతుంది. ఆరు పడితే ఎగుమతికి పనికిరాదు, గోదాములో మూలకు పోతుంది. పిడుదులు కరిచిన చుక్కలు, ముళ్లకంప గీతలు, మానిన పుండ్లు, వీటిని పట్టుకోవడానికే ఆమెకు జీతం. ఏ మచ్చా లేని తోలును ఆ గదిలో ‘అద్దం’ అంటారు. అంతకు మించిన మెచ్చుకోలు అక్కడ లేదు.

ఎనిమిది బల్లలు ఒకటెలా అయ్యాయని అడిగితే ఆమె తొందరపడకుండా చెబుతుంది. ముందు నీళ్ల గొడవ వచ్చింది. రంగునీళ్లు శుభ్రం చేశాకే కాలవలోకి వదలాలన్నారు. అది న్యాయమే, ఆ కాలవ ఆమె ఇంటి వెనకనుంచే పోతుంది. ఆ ఖర్చు మోయలేక చిన్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. తర్వాత ఇంకో దేశంవాళ్లు చవగ్గా ఇస్తామన్నారు. ఆపైన రెక్సిన్.

“దానికి పిడుదు కరవదు, ముల్లు గుచ్చుకోదు. పుట్టడమే అద్దంలా పుడుతుంది. దాంతో నేనేం పోటీ పడను?”

ఈ ఏడు వచ్చింది ఒకే ఒక్క కొత్త ఆర్డరు. ముందు రెండొందల తోళ్లు నమూనాగా పంపాలి. అవి నచ్చకపోతే ఈ గది మూసేసి, ఇద్దరినీ చెప్పుల అడుగులకు జిగురు పూసే షెడ్డుకు పంపుతామని యజమాని ముందే చెప్పించాడు. ఆ జిగురు వాసన బుగ్గక్కకు పడదు. అంతకంటే, అక్కడ తోలును చూడాల్సిన పనే ఉండదు.

ఆర్డరు కాగితాన్ని మేనేజరు గుమాస్తాతో తెలుగులో రాయించి బల్లకు అంటించాడు. అందులో మూడో వరస: ‘మచ్చలు ఉన్నవి కావాలి.’

బుగ్గక్క చదివి నవ్వింది. “చూశావా వదినా, గుమాస్తా నిద్రలో రాసినట్టున్నాడు.”

“అడిగి రాకూడదూ?”

“దీనికి అడగడం కూడానా? పాపం, తిట్లు తింటాడు.”

‘ఉన్నవి’ కొట్టేసి, పైన ‘లేనివి’ అని గుండ్రంగా రాసింది. వారం రోజులు కళ్లలో ఒత్తులేసుకుని వెతికి రెండొందల అద్దాలు ఏరింది. మేనేజరు కూడా కట్ట విప్పి, పాత అలవాటు కొద్దీ నునుపే చూసి, “భేష్ అక్కా” అన్నాడు.

నెల తిరక్కుండా కట్ట వెనక్కొచ్చింది. జతగా వచ్చిన ఉత్తరాన్ని మేనేజరు బల్ల దగ్గరే నిలబడి చదివి చెప్పాడు. తోలు బాగుంది, కానీ రెక్సిన్‌లా ఉంది. మా కొట్లో కొనేవాళ్లు అసలు తోలేనా అని అడుగుతారు. జంతువు ఒంటి గుర్తులు కనిపించాలనే ముందే రాశాం కదా అని.

“నేను చెప్పాను కదయ్యా రాయమని,” అని వెంట వచ్చిన గుమాస్తా మీదికి లేచాడు మేనేజరు.

“అతను సరిగ్గానే రాశాడు. దిద్దింది నేను,” అంది బుగ్గక్క, బల్ల మీది కాగితం చూపించి.

మేనేజరు వంగి ఆ గుండ్రటి అక్షరాలు చదివాడు. “ముప్పై ఏళ్లు తోళ్లలో తప్పులు పట్టి, ఇప్పుడు కాగితంలో కూడా పట్టారా అక్కా?”

“నాకే తలకొట్టేసినట్టుంది. ఇంకోసారి అడిగి చూడండి.”

అడిగితే ఒప్పుకున్నారు. అయితే ఈసారి వాళ్ల మనిషే వచ్చి కళ్లెదుట ఏరుకుంటాడు. గోదాము మూలనుంచి ఆరు అంకె పడ్డ తోళ్లన్నీ బల్ల మీదికి వచ్చాయి. తను పారేసిన వాటిని తనే మంచివనడం ఆమెకు మొదట చేతకాలేదు. రెండు రోజులు చెయ్యి దానంతటదే ‘ఆరు’ వేస్తుంటే వదిన తుడుస్తూ కూర్చుంది.

వచ్చిన మనిషి మితభాషి. పొడుగు గీత ఉన్న తోలొకటి అతనికి నచ్చి తన వైపు పెట్టుకున్నాడు. బుగ్గక్క దాన్ని వెనక్కి లాగింది. మేనేజరు ముఖం మాడింది.

“అక్కా, ఆయనకు నచ్చిందే.”

“నచ్చుతుంది బాబూ, కుట్టాక చిరుగుతుంది. ఇది ముల్లు గీత కాదు, తోలు వొలిచేటప్పుడు పడ్డ కత్తిగాటు. మేక బతికుండగా పడ్డ గీత మానుతుంది, దీనికి మానే వీల్లేదుగా. చెప్పండి ఆయనకి.”

మేనేజరు చెప్పాడు. ఆమె తోలును గీత దగ్గర మడిచి చూపించింది, గాటు నోరు తెరిచింది. పక్కనే ముల్లు గీత ఉన్న తోలును మడిచింది, అది కదల్లేదు. వచ్చినాయన రెండింటినీ తన చేత్తో మడిచి చూశాడు. ఆ తర్వాత తను ఏరడం మానేసి, ఆమె ఏరుతుంటే చూశాడు.

గోదాము నుంచి వచ్చిన ఆరొందల తోళ్లలో నూట డెబ్బై నిలిచాయి. అవి అమ్ముడైతే ఆరు నెలలకు మళ్లీ రాస్తామని, అప్పుడు కూడా ఏరేది ఈవిడే కావాలని చెప్పి వెళ్లాడు.

ఇంట్లో ఆమె భర్త, ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో తోళ్లు నానబెట్టే పీపాల దగ్గర చేసినవాడు, విషయం విని అడిగాడు. “అయితే గది ఉన్నట్టేనా?”

“ఆరు నెలలు ఉన్నట్టు.”

“ఆ తర్వాత?”

“జనానికి మచ్చల మోజు ఎన్నాళ్లుంటుందో నాకేం తెలుసు? మళ్లీ అద్దాలే కావాలంటారేమో. ఈసారి మాత్రం ఏం రాసినా అడిగే ఏరతాను.”