అల్లుడుగారికి మాత్రమే వచ్చే బిల్లు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రాజమండ్రిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. మండపేటలో ఒక రైసుమిల్లుకి కాటా బిల్లుల ప్రోగ్రాం రాశాం. ఆ ఫైళ్ళన్నీ ఒక ప్యాకేజీగా కట్టి, అక్కడ పెట్టి రావడం నా పని. "ఇది ఆడకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు మా సారు, ఎంతో మర్యాదగా. మర్యాదగా బెదిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

మిల్లులో ప్యాకేజీ విప్పాను. గుమస్తాగారు బిల్లు కొడితే "అనుమతి లేదు" అంది కంప్యూటర్. మళ్ళీ కొడితే మళ్ళీ అదే. బయట ధాన్యం లారీల హారన్లు. ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకున్నాను.

ఏ ఫైలు ఎవరిదో కంప్యూటర్ పేరుతో కాదు, లాగిన్ తెరిచిన వరస నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. ప్యాకేజీ కట్టేముందు ఆ నంబరు మార్చాలి. నేను మార్చలేదు. మా సెంటర్‌లో మొదటి నంబరు నాది. ఇక్కడ మొదటి నంబరు మిల్లు యజమానిగారి అల్లుడిది! ఆ ఇంట్లో కొత్తది ఏదొచ్చినా తొలి చెయ్యి అల్లుడుగారిదేనట, అందుకని మొదటి లాగిన్ ఆయన పేరునే తెరిచారు. అలా నా ఫైళ్ళన్నీ ఆయనవైపోయాయి. బిల్లు రాసే హక్కు ఆయనొక్కడికే. ఆయనేమో కొబ్బరికాయ కొట్టడానికి తప్ప మిల్లు గడప తొక్కని మనిషి.

కబురెడితే నిద్రకళ్ళతో వచ్చి పాస్‌వర్డ్ కొట్టారు. బిల్లు టకటకా వచ్చేసింది. "బావుందండి, వెళ్ళొస్తాను" అని లేచారు. గుమస్తాగారు కూర్చోగానే మళ్ళీ ఆగింది. అల్లుడుగార్ని మళ్ళీ కూర్చోబెట్టాం.

"రెండు నిమిషాలండి, సరిచేసేస్తాను" అని నేను గుమస్తాగారితో అంటుంటే యజమానిగారు నన్ను పక్కకి పిలిచారు.

"ముట్టుకోకమ్మా! పెళ్ళయిన కాణ్ణించీ ఈయన్ని మిల్లులో కూర్చోబెట్టాలని చూస్తన్నాను. మా అమ్మాయి ఏడిచినా కూర్చోలేదు. నీ కంప్యూటర్ కూర్చోబెట్టింది. అలా ఉండనీ."

"దీనికి మందేం లేదాండి?" అని అల్లుడుగారు దీనంగా అడిగారు. మామగారి మొహం చూసి, "లేదండి" అన్నాను. పాపం అనిపించింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

యజమానిగారు అప్పటికప్పుడే మా సారుకి ఫోన్ చేశారు. "మీ అమ్మాయి భలే పెట్టిందండి! మా తమ్ముడి మిల్లుక్కూడా అచ్చం ఇలాగే పెట్టించండి. వాడికి ఇద్దరు అల్లుళ్ళు."