తలకట్టు లేని అక్షరాలు

బెంగాల్లో మేముండే ఖరిదా పేటలో మా పక్కింటి అన్నయ్య రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. సెలవు రోజుల్లో వరండాలో కూర్చుని తెలుగు సినిమాలకు బోర్డులు రాసేవాడు. ప్రేమకథైతే గుండ్రటి గులాబీ అక్షరాలు, దెయ్యం కథైతే కిందికి కారుతున్న ఎర్రటివి. ఏది రాసినా తలకట్లు మాత్రం ఆఖర్న పెట్టేవాడు.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, "ఏటన్నయ్యా అలాగ?" అని అడిగాను.

"బెంగాలీవోళ్లు దుర్గమ్మ బొమ్మకి కళ్లు ఆఖర్నే కదమ్మా దిద్దుతారు. తలకట్టు పెడితేనే అచ్చరం కళ్లు తెరుస్తాది."

ఒక మధ్యాహ్నం అతను దెయ్యం బోర్డు రాస్తుండగా వర్క్‌షాపు కూత వేళకాని వేళ మోగింది. అంటే లోపల ప్రమాదం. మా ఆయనా, అన్నయ్య వాళ్ల తమ్ముడూ ఆ రోజు ఒకే షిఫ్టులో ఉన్నారు. నా చూపు ఆ ఎర్ర చారల మీదే ఆగిపోయింది.

"రంగేనమ్మా, అటు సూడకు," అన్నాడు. కుంచె పట్టుకునే వరండా అంచుకొచ్చి నిలబడ్డాడు.

చాలాసేపటికి సందు మలుపులో మా ఆయన కనిపించాడు. ఒక్కడే, తలొంచుకుని వస్తున్నాడు. అన్నయ్య కుంచె కింద పెట్టేశాడు.

బోర్డు తలకట్లు లేకుండా అలాగే సినిమా హాలుకెళ్లింది. అది అక్కడున్నన్నాళ్లూ నేను ఆ దారిన వెళ్లలేదు, ఆ అక్షరాలు కళ్లు తెరవలేదని తెలిసినా.