ఉమ్మడి బోరు

అనంతపురం కోర్టులో సీనియర్ దగ్గర నుంచి బయటికొచ్చి, నా అంతట నేను వకాలత్ వేసిన మొదటి దావా ఒక చీనీతోటది, అదే బత్తాయి తోటది. దాని గురించి చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుందని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

దావా వేయించిన ఆమెది శింగనమల వైపు పల్లె. భర్త పోయి ఏడాది కాలేదు. ఆమె భర్త, అతని తమ్ముడు భూమి పంచుకున్నప్పుడు బోరు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి అని పత్రంలో రాయించి రిజిస్టరు చేయించుకున్నారు. అన్న పోయాక తమ్ముడు మోటారు స్టార్టరు పెట్టెకు తాళం వేశాడు. బోరులో నీళ్లు తగ్గాయి, రెండు తోటలకు చాలవు అన్నాడు. తగ్గిన మాట నిజమే. అయితే ఆ కాసిన్ని నీళ్లూ అతని తోటకే పోతున్నాయి.

"మా మరిది చెడ్డోడు కాదు పాపా. నీళ్లు లేక అట్లయినాడు. పోలీసోళ్లు వద్దు. కోర్టులో అడుగు, సాలు" అంది ఆమె, నా ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని.

మంచి ఎండాకాలం. కేసు తేలేదాకా ఆమెకు నీళ్లు ఆపకుండా ఉత్తర్వు ఇవ్వాలని దావాతో పాటే అర్జీ పెట్టాను. అవతలి వకీలు మా నాయన వయసువాడు. లేచి, మా అర్జీకి జవాబుగా కౌంటరు వేయడానికి గడువు కావాలని మెత్తగా అడిగాడు. అడిగితే ఎవరికైనా దొరికేదే. జడ్జిగారు వాయిదా తేదీ చూస్తున్నారు.

నేను లేచాను.

"గడువు ఇవ్వండి సార్. అప్పటిదాకా నీళ్లు కూడా ఇప్పించండి."

"అంతలో ఏమవుతుందమ్మా?" అన్నారాయన.

నా చిన్నప్పుడు మా నాయన చీనీతోట ఎండిపోయింది. ముందు ఆకు ముడుచుకుంది. తర్వాత పిందె రాలింది. ఆ తర్వాత కొమ్మలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఇక ఎన్ని నీళ్లు పెట్టినా చెట్టు కోలుకోలేదు. నాయన గొడ్డలి తీసుకుని తన చేత్తోనే కొట్టేశాడు. కోర్టులో ఆయన ఊసు ఎత్తలేదు కానీ, చెట్టు ఎలా చచ్చిపోతుందో ఆ వరుసలోనే చెప్పాను. ఈమె తోటలో పిందె రాలుతోందని ఫోటోలు చూపించాను.

"కౌంటరు వచ్చేసరికి తోట మిగలదు సార్."

జడ్జిగారు అవతలి వకీలు వైపు తిరిగి, "ఉమ్మడి బోరు కాదంటారా?" అని అడిగారు. ఆయన కాదనలేకపోయాడు. ఆ పూటే ఉత్తర్వు వచ్చింది. తీర్పు దాకా రోజు విడిచి రోజు, ఒకనాడు ఆమెకు, మరునాడు అతనికి.

వరండాలో ఆ పెద్ద వకీలు నా పక్కన నడుస్తూ, "బాగా నిలబడినావమ్మా" అన్నాడు.

ఉత్తర్వు నకలు చేతికి రాగానే ఆమెతో కలిసి తోటకు వెళ్లాను. మరిది బోరు దగ్గరే ఉన్నాడు.

"నన్ను కోర్టుకు ఈడిస్తివి గదా వదినా."

"నువ్వు మాట్లాడకపోతే నేను యాడికి పోవల్లప్పా? తాళం నువ్వే తియ్యి. నేను పగలగొట్టను."

అతను స్టార్టరు పెట్టె వైపు నడిచాడు. తాళం తనే తీశాడు. మోటారు మోగింది. పైపులో నీళ్లు వచ్చేదాకా ఆమె చూస్తూ నిలబడి, "రేపు నీ దినం. నేను ఈ దిక్కుకే రాను" అంది. ఆ ముక్క విన్నప్పుడు, ఈమె నా పార్టీ, నా కక్షిదారు అని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

తీర్పు దాకా పోలేదు. ఆ ఏర్పాటునే ఖాయం చేసుకుని ఇద్దరూ రాజీపడ్డారు. తోట నిలిచింది.

తర్వాత అంగడి బాడుగల దావాలు, వ్యాపారంలో పొత్తు చెడినవాళ్ల దావాలు, ఇంకా పెద్దవి ఎన్నో చేశాను. అయినా ఒకనాటి పొద్దున జరిగింది మాత్రం మరచిపోలేను. ఆ మరిది నా ఆఫీసు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పక్క పొలం వాళ్లతో గట్టు తగాదా అట.

"ఆ పొద్దు కోర్టులో నా మీద మాట్లాడినావు గదమ్మా, ఈసారి నా దిక్కు అట్లనే మాట్లాడల్ల" అన్నాడు.

కూర్చోమని కుర్చీ చూపించాను.