షుగరు భయంలోనుంచి ప్రభువు నన్ను లేపిన విధం

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నా పేరు కరుణ. భవానీపురంలో ఉంటాను, పదహారేళ్లుగా సిటీ బస్సులో కండక్టరుగా పనిచేస్తున్నాను. మన సంఘంలో చాలామందికి నేను బుధవారం స్త్రీల కూటంలో రోగుల కోసం ప్రార్థన చేసే మనిషిగా తెలుసు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి ఆపరేషన్ అన్నా గొంతెత్తి మొరపెట్టిన ఈ నోరే తన జబ్బు సంగతి కట్టుకున్న భర్తకు కూడా రెండున్నర నెలలు చెప్పలేదు. ఈ రోజు ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

పోయిన ఎండాకాలం నాకు దాహం మొదలైంది. బెజవాడ ఎండలకు దాహం ఎవరికి వెయ్యదు అనుకున్నాను. కానీ ఇది అలాంటి దాహం కాదు సహోదరులారా! సీసా నీళ్లు తాగి మూత పెట్టేలోపే నాలుక పిడచకట్టుకుపోయేది, గవర్నర్‌పేట చేరేసరికి రెండో సీసా కూడా అయిపోయేది, దిగి కూల్‌డ్రింకు తాగితే ఇంకా ఎక్కువయ్యేది. నీళ్లు తాగితే ఊరుకుంటుందా? నిండు బస్సులో ఆడమనిషి, చేతిలో టికెట్ల మిషను, చివరి స్టాపు ఇంకా ముప్పావుగంట దూరం. అక్కచెల్లెళ్లారా, నా అవస్థ మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకని నీళ్లు మానేశాను. పెదాలు పగిలిపోయినా, కళ్లు తిరిగినా డ్యూటీలో గుక్కెడు నీళ్లు ముట్టలేదు. ఒళ్లు తగ్గిపోయింది, చూసినవాళ్లు సన్నబడ్డావు, బాగున్నావు అన్నారు, నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత మిషను మీద అంకెలు అలుక్కుపోవడం మొదలైంది. ఒకాయన దిగాల్సిన స్టాపు ఒకటైతే నేను ఇంకోదానికి టికెట్ కొట్టాను, ఆయన అందరి ముందూ కేకలేస్తే క్షమించండి అని మళ్లీ టికెట్ కొట్టి ఇచ్చాను.

దానికి తోడు కుడికాలి చిటికెనవేలు దగ్గర బూటు ఒరుసుకుని చిన్న పుండు పడింది. వారంలో మానాల్సిన పుండు మూడు వారాలైనా అలాగే ఉంది. ఆ పుండును చూసిన ప్రతిసారీ నాకు మా నాన్న కాలు కనబడేది. మాది పామర్రు పక్కన పల్లెటూరు. నాన్న కూలికి వెళ్లేవాడు. నా చిన్నప్పుడు షుగరు వల్ల ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. చేను గట్టు మీద పరుగెత్తిన మనిషి నులకమంచం మీద రెండేళ్లు పడుకుని వెళ్లిపోయాడు. ఆ మంచం పక్కన చేరబెట్టిన ఒంటి చెప్పు నేను మరచిపోలేదు.

అందుకే భయపడుతూ భయపడుతూ, ఇంట్లో చెప్పకుండా, ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పొద్దున్నే ఏమీ తినకుండా రక్తం ఇచ్చాను. పరీక్షలో రెండు వందల ఎనభై చూపించింది. ఆవిడ ఎంతో నెమ్మదిగా, "షుగరమ్మా. కంగారు పడకండి, అదుపులో పెట్టుకోవచ్చు. కాకపోతే అశ్రద్ధ చెయ్యకూడదు," అన్నారు. ఆ తర్వాత తిండి గురించి, నడక గురించి, మాత్రలు ఎప్పుడు ఎలా వేసుకోవాలో చాలాసేపు చెప్పారు. నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. షుగరు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. "కాళ్లకి పుండ్లేమన్నా ఉన్నాయా?" అని అడిగితే, "లేవండీ," అన్నాను. బూటు విప్పలేదు. ఆవిడ నా మేలు కోసం అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పి వచ్చాను, ప్రభువు నన్ను క్షమించాలి!

ఇంటికి వచ్చి రిపోర్టు బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఎవరికి చెప్పను? డిపోలో చెబితే డ్యూటీ తీసేస్తారేమోనని భయం. మా ఆయన ప్రకాశం గారికి చెబితే కంగారు పడతారని భయం. అన్నిటికంటే మీకు చెప్పాలంటే భయం. ఊరందరి రోగాలకూ ప్రార్థన చేసే కరుణమ్మకే రోగమా, ఆమె విశ్వాసంలో ఏదో లోపం ఉండి ఉంటుంది అంటారేమోనని సిగ్గు. మాత్రలు మిఠాయి దొంగిలించినట్టు దొంగచాటుగా మింగేదాన్ని. భయంతో అన్నం పూర్తిగా మానేసి రెండు రోజులు మజ్జిగ తాగి ఉండేదాన్ని, మూడో రోజు ఆగలేక గిన్నెడు అన్నం తినేసి వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. బస్సు ఆగిన ప్రతిచోటా బూటులో వేళ్లు కదిపి చూసుకునేదాన్ని, స్పర్శ ఉందా, పోయిందా అని. ఒకరోజు మొత్తం అలా ఎన్నిసార్లు చూసుకున్నానో దేవునికే తెలుసు.

అప్పుడు మన మందిరంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు వచ్చాయి. ఇదే నాకు సమయం అనుకున్నాను. ఈ మూడు రోజుల్లో దేవుడు నన్ను ముట్టి బాగుచేస్తే ఎవరికీ చెప్పే పనే ఉండదు, రిపోర్టు చింపేయొచ్చు! సెలవు పెట్టి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాను. మీరంతా నన్ను చూసి ఎంత భక్తి అనుకుని ఉంటారు. నా లోపల జరిగిన ప్రార్థన ఇది: "ప్రభువా, మా నాన్న కాలు పోయింది, నాది పోనివ్వకు. ఎవరికీ తెలియకుండా ఈ జబ్బు తీసెయ్యి. నీ కోసం ఏమైనా చేస్తాను." భక్తి కాదు సహోదరులారా, అది బేరం.

తమాషా ఏమిటంటే మాత్ర మానడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. పొద్దున మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ప్రార్థనకు వచ్చేశాను. మొదటి రోజు నీరసంతో గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం, అందరూ పాడుతుండగా, నా ఒళ్లు చెమటతో తడిసిపోయింది. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, పెదాలు తిమ్మిరెక్కాయి, చేతిలో పాటల పుస్తకం జారిపోయింది. కొందరు నా మీదికి ఆత్మ దిగిందనుకుని స్తోత్రాలు చెప్పారు, ఇంకొందరు నూనె రాసి తల మీద చేతులుంచారు. మీ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. కానీ నేను మునిగిపోతున్నాను, నన్నెవరూ చూడటం లేదు, నేనే కదా ఎవరికీ కనబడకుండా దాక్కున్నాను!

అప్పుడు సలోమి ఆంటీ జనాన్ని తప్పించుకుని నా పక్కన కూర్చుంది. ఆంటీ నర్సుగా చేసి రిటైరైన సంగతి మీకు తెలుసు. నా చెయ్యి పట్టుకుని చూసి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"అమ్మాయ్, నీకు షుగరుందా?"

లేదని తల ఊపాను. ప్రాణం పోతున్నా లేదనే అన్నాను, చూడండి!

ఆంటీ వదల్లేదు. "నా కళ్లలోకి చూసి చెప్పు. మాత్ర వేసుకుని తినకుండా వచ్చావా? సిగ్గుపడే టైము కాదిది, తల్లీ."

ఆ క్షణంలో నా లోపల ఏదో తెగింది. నాలుక మందంగా ఉంది, మాట ముద్దగా వచ్చింది, అయినా అందరికీ వినబడేలా అనేశాను. "ఉంది ఆంటీ. షుగరుంది. ఎవరికీ చెప్పలేదు."

ఆంటీ గట్టిగా, "మీరు ప్రార్థన ఆపొద్దు. ఎవరన్నా పరుగెత్తి పంచదార నీళ్లు కలిపి తీసుకురండి," అంది. ఏ పంచదార పేరు చెబితే రెండున్నర నెలలుగా నా ప్రాణం వణికిందో, ఆ పంచదార నీళ్లే ఆంటీ నన్ను కూర్చోబెట్టి గుక్క గుక్కగా తాగించింది. పావుగంటకు వణుకు తగ్గింది, మీ ముఖాలు నాకు మళ్లీ విడివిడిగా కనబడ్డాయి. నేను అడిగినట్టుగా కాదు, తాను అనుకున్నట్టుగా ప్రభువు నా మొర ఆలకించాడు. స్తోత్రం!

కబురు అంది మా ఆయన పనిలోనుంచి పరుగున వచ్చారు, ఆంటీ, ఆయన కలిసి నన్ను ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ కోప్పడలేదు. "ఈ మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు బాగా పడిపోద్దని మొదటి రోజే చెప్పానమ్మా," అన్నారు. చెప్పారు, నిజమే, నేనే వినలేదు. ఈసారి బూటు విప్పాను. పుండు లోతుకు పోలేదు, దేవుని కృప! ఆవిడ శుభ్రం చేసి కట్టు కట్టారు, మందులు మార్చి రాశారు.

బయట బెంచీ మీద మా ఆయన నా పక్కన కూర్చున్నారు. "నేనేమన్నా పరాయివాణ్ణా? నాకెందుకు చెప్పలా?" అన్నారు. అప్పుడు, సహోదరులారా, నేను ముప్పై ఆరేళ్లుగా దేవునితో కూడా సరిగ్గా చెప్పని మాట ఆయనకు చెప్పాను. మా నాన్న కాలికి నాట్లలో గాజుపెంకు గుచ్చుకున్నప్పుడు మొదట చూసింది నేనే. నాకు పన్నెండేళ్లు. "అమ్మకు చెప్పబాక తల్లీ, కంగారు పడుద్ది. నాట్లయ్యాక చూపించుకుంటాలే," అన్నాడు నాన్న. ఇంటి వెనక ఉప్పునీళ్లతో కడిగి పాతగుడ్డ కట్టేదాన్ని రోజూ. వాసన వచ్చినా చెప్పలేదు, మాటిచ్చాను కదా. అందరూ షుగరు నాన్న కాలు తీసుకుందన్నారు. నేను మాత్రం, నా మౌనమే తీసుకుందని నమ్మాను. నాకూ షుగరని తెలిసిన రోజు, ఇది నాకు రావలసిందే అనుకున్నాను.

మా ఆయన నా తల మీద చెయ్యి వేసి, "పన్నెండేళ్ల పిల్లవి. నాన్న చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. అది నీ తప్పెట్టా అయిద్దే?" అన్నారు. ఇద్దరం అక్కడే కళ్లు మూసుకున్నాం. ఆయనెప్పుడూ నలుగురిలో ప్రార్థన చేసే మనిషి కాదు. ఆ రోజు ఇలా చేశారు: "తండ్రీ, ఈ పిల్ల మోస్తున్న బరువు దించు. మేం చేయాల్సింది మాకు నేర్పించు. మా చేతిలో లేనిది నీవు చూసుకో." ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. కానీ నా గుండెల మీద ఎన్నో ఏళ్లుగా ఉన్న రాయి కదిలింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాను.

షుగరు పోయిందా అని అడుగుతారు. పోలేదు సహోదరులారా. దేవుడు తలచుకుంటే తీసెయ్యగలడు, కానీ నాకు దానితో బతకడం నేర్పుతున్నాడు, అది అంత తేలిగ్గా రాలేదు. వేలిని సూదితో పొడుచుకుని షుగరు చూసుకోవడానికి మొదటిరోజు అరగంట ఏడ్చాను. అన్నం పూర్తిగా మానక్కర్లేదని, కంచంలో సగం కూరలు ఉండి అన్నం కొలతగా పెట్టుకుంటే చాలని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపిస్తే గాని నా తలకెక్కలేదు. డెల్టాలో పుట్టినదాన్ని, రెండోసారి వడ్డించుకోకుండా చెయ్యి కడగడం నాకు ఎంత కష్టమో దేవునికి తెలుసు! సాయంత్రాలు కృష్ణ ఒడ్డున మా ఆయనతో నడుస్తున్నాను. రోజూ స్నానం అయ్యాక మా అమ్మాయి నా అరికాళ్లు చూస్తుంది. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాల్లో కట్టు విప్పిన ప్రతిసారీ నా పై ప్రాణాలు పైనే పోయేవి. కంటి డాక్టరు దగ్గరికీ వెళ్లాను, షుగరు అదుపులోకి వచ్చాక మిషను మీద అంకెలు మళ్లీ తేటగా కనబడ్డాయి.

డిపోలో కూడా చెప్పేశాను. డ్యూటీ తీసెయ్యలేదు! మా డ్రైవరు వెంకటేశ్వర్లు గారు విని, "మొదటే చెప్పొచ్చు కదా చెల్లెమ్మా, బస్టాండు దగ్గర అయిదు నిమిషాలు ఆపితే నా సొమ్మేం పోద్ది?" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఎండాకాలమంతా గొంతెండబెట్టుకున్నాను. మన పాస్టరు అయ్యగారు కూడా ఉపవాసం ప్రకటించినప్పుడల్లా, మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగండి, భోంచేసి వచ్చి కూర్చున్నా దేవుడు వింటాడు అని చెబుతున్నారు. ఆయనకు నా వందనాలు.

భయం పూర్తిగా పోయిందని అబద్ధమాడను. పోయిన నెల మా బంధువుల పెళ్లిలో ఆశపడి రెండు బూరెలు తిన్నాను, మరుసటి రోజు అంకె చూసి భయపడ్డాను. కానీ ఈసారి దాచలేదు. మా ఆయనకు చెప్పాను, ఆంటీకి ఫోన్ చేశాను, ప్రభువుకు చెప్పాను, చెప్పులు వేసుకుని నడవడానికి వెళ్లాను. నాకు కలిగిన విడుదల ఇదే సహోదరులారా. భయం తలుపు తట్టినప్పుడు నేను ఇప్పుడు ఒంటరిగా లేను.

రేపు పొద్దున ఎనిమిదింటికి నాకు మూడు నెలలకోసారి చేసే రక్తపరీక్ష ఉంది. ఏం చెబుతారోనని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను, దయచేసి నా కోసం ప్రార్థించండి. మీలో ఎవరికైనా ఆగని దాహం ఉంటే, మానని పుండు ఉంటే, బీరువాలో చీరల కింద రిపోర్టు ఉంటే, నా పరలోక తండ్రికి భయపడకండి, ఆయన సిగ్గుపరిచేవాడు కాదు. ముందు ఆయనకు చెప్పండి, తర్వాత ఒక్క మనిషికైనా చెప్పండి. ఆ మనిషి ఎవరూ దొరకకపోతే ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. రేపు నేనెలాగూ వెళుతున్నాను, ఇద్దరం కలిసి వెళదాం. నన్ను ఇంతవరకూ నిలబెట్టిన దేవునికే మహిమ కలుగును గాక.