డాంగ్ అడవిలో అమ్మ జీపు

ఆ రోజుల్లో మనందరికీ భయపడటానికి ఒక్క కరోనాయే సరిపోయేది, మిగతా భయాలన్నీ ఎటో పోయాయి. లేకపోతే సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల కొండ మీంచి సైకిల్ మీద దిగుతానని బయలుదేరడమేమిటి చెప్పండి? మా ఊళ్లో కొండంటే రైల్వే ఓవర్ బ్రిడ్జే. లాక్‌డౌన్‌లో మా పేట డిండోలి రోడ్లు బోసిపోయినప్పుడు దాని మీంచి గాలిలా దిగడం నేర్చాను. తర్వాత మెట్రో కోసం తవ్విపోసిన మట్టి దిబ్బలు, తాపీ నది ఒడ్డున మెట్లు, దేన్నీ వదల్లేదు. చీరల కంపెనీకి ఇంట్లో కూర్చునే డిజైన్లు గీస్తూ, ఆ జీతంతో లావు టైర్ల సైకిలొకటి కొన్నాను. (అమ్మ దానికి 'బర్రె' అని పేరు పెట్టింది.) కాబట్టి మా సూరత్‌కి దగ్గర్లోని డాంగ్ అడవుల్లో కొండ దిగే సవారీ, గైడు వెంట ఉంటాడు, అనుభవం ఉన్నవాళ్లే రావాలి అన్న ప్రకటన ఫోన్లో చూడగానే అది నా కోసమే రాశారనుకున్నాను.

తెలంగాణ నుంచి వలసొచ్చిన అమ్మ పవర్‌లూమ్ కార్ఖానాలో కండెలు చుట్టేది. విషయం వినగానే "ఒక్కదానివి అడివికి పోతవా? నేను గూడ అస్త," అంది. నీకు సైకిల్ రాదు కదమ్మా అన్నాను. "ఎనక జీపస్తదట గద. తొక్కలేనోళ్లను ఎక్కిచ్చుకుంటరట. నేను ముందుగాల్నే ఎక్కి కూసుంట." అన్నంత పనీ చేసింది. వానాకాలపు పొద్దున, కొండ మీద, టేకు చెట్ల కింద సైకిళ్లు దించుతుండగానే అమ్మ సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని జీపులో ముందు సీటు పట్టేసింది. డ్రైవర్ ఏదో అనబోయాడు గానీ, అప్పటికే అతని నోట్లో ఒక సకినం ఉంది.

గైడు భాయ్ మా రెండు డోసుల సర్టిఫికెట్లు చూశాక, ఎవరెవరు ఎక్కడెక్కడ తొక్కారని అడిగాడు. మోకాళ్లకూ మోచేతులకూ కవచాలు కట్టుకొచ్చిన వజ్రాల వ్యాపారుల కుర్రాళ్లిద్దరు హిమాలయాల పేర్లు గుక్కతిప్పుకోకుండా చదివారు. నా వంతు వచ్చింది. "ఓవర్ బ్రిడ్జి," అన్నాను. మాస్కులున్నా ఆ ఇద్దరి నవ్వూ దాగలేదు. గైడు మాత్రం నవ్వకుండా, గుజరాతీ పద్ధతిలో నన్ను చెల్లెమ్మను చేసి, "చూడు బెన్, తడబడ్డావంటే జీపెక్కాలి. వాదించొద్దు," అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఎముక విరిగినా సరే, ఈ రోజు ఆ జీపెక్కేది లేదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

దిగుతుంటే తెలిసింది, మట్టి దిబ్బలు నాకు బాగానే చదువు చెప్పాయని. ఎర్ర బురద, వెదురు వేళ్లు, తడిసిన ఆకుల మీద జర్రున జారే టైర్లు. ఒక్కచోటా కాలు నేల మీద పెట్టలేదు. కాలిబాట రోడ్డును దాటిన ప్రతిచోటా జీపు ఆగి ఉండేది, అందులోంచి అమ్మ తల బయటపెట్టేది. "జీపెక్కు బిడ్డా, గీ తిప్పలు నీకెందుకు?" నేను వినపడనట్టు దూసుకుపోయేదాన్ని.

సగం దూరం దిగాక ఒక వాగు. దాని హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. జీపు మాకంటే ముందే చుట్టు తిరిగి అవతలి గట్టుకు చేరింది. అమ్మ అక్కడ నిలబడి, రెండు పిడికిళ్లు జోడించి ఫట్టుమని విడదీస్తోంది. "మాతాజీ నమస్తే అంటున్నారు!" అని గైడు చెయ్యూపాడు. వజ్రాల కుర్రాళ్లూ ఊపారు. నా చేతివేళ్లు మాత్రం వాటంతటవే బ్రేకులు నొక్కేశాయి. మగ్గాల మోతలో మాటలు వినపడవు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న ఆ సైగకు అక్కడ ఒకటే అర్థం. దారం తెగింది, మిషన్ ఆపు. నా సైకిల్ జారి బాటకు అడ్డం తిరిగింది, వెనకాలవాళ్లు గుజరాతీలో తిట్టారు. "ముందు తెగింది, ఆగండి!" అని గొంతు చించుకున్నాను. గైడు కూడా ఆగి, ముందున్న మలుపు దాకా నడిచివెళ్లి చూసి వచ్చాడు. బాటను వాగు కోసుకుపోయింది, కింద మనిషి లోతు గొయ్యి; అవతలి గట్టు నుంచి చూస్తేనే కనబడేది. అతని ముఖం పాలిపోయింది.

ఇంకో దారి ఉంది గానీ నిట్టనిలువు, రాళ్ల మెట్లు అన్నాడు. భయమున్నవాళ్ల కోసం జీపును వెనక్కి పిలిపించాడు. కవచాల కుర్రాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని అమ్మ వెనక సీట్లో సర్దుకున్నారు. "ఇగనన్న ఎక్కరాదే," అంది అమ్మ. "ఎక్కను," అన్నాను. "ఓవర్ బ్రిడ్జి బెన్, నా వెనకే రా," అన్నాడు గైడు. ఆ పావుగంట నేను జన్మలో మర్చిపోను. రాయి మీంచి రాయి మీదికి, అరుస్తూ, నవ్వుతూ, నోట్లోకి వచ్చిన బురదను ఉమ్ముతూ, ఒక్కసారీ కాలు ఆనించకుండా కింద చేరాను. గైడు హెల్మెట్ తీసి చేతులు రెండూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ఒళ్లంతా పొంగిపోయింది. మరుక్షణమే సైకిల్ పక్కన బురదలో చతికిలబడ్డాను.

అక్కణ్నుంచి బస్టాండు చాలా దూరం. గైడు నా సైకిల్‌ను జీపు పైకెత్తబోతూ, "కూర్చో బెన్, పని అయిపోయిందిగా," అన్నాడు. ఆ సీటు నాకు పట్టుపరుపులా కనిపించింది. ఒక కాలు లోపల పెట్టబోయానో లేదో, అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వెనక కుర్రాళ్లకు కూడా వినపడేలా, తనకొచ్చిన హిందీలో, "మేరీ బేటీ జీప్ మే నై బైఠతీ!" అంది, నా బిడ్డ జీపెక్కదని. తర్వాత నా వైపు తిరిగి, కళ్లలో నీళ్లతో, "తొక్కు బిడ్డా, అందరు సూడాలె," అంది.

తొక్కాను. ముందు జీపులో అమ్మ సకినాలు పంచుతోంది, వెనక నేను మూలుగుతూ వస్తున్నాను. ఇప్పుడు ఆఫీసు కారులో ఏసీ వేసుకుని పోతుంటే ఒక్కోసారి ఆ బురద ముఖం పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఇలా వచ్చి కూర్చోవే అనాలనిపిస్తుంది. పిలిచినా రాదు లెండి, తల ఎగరేసి పోతుంది.