బోస్టన్ వెళ్ళిన ముడుపు

మొన్న మే నెలాఖర్లో మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి ముందు, మా వీధిలో ఉండే కుర్ర ఇల్లాలొకతె వచ్చి, స్నేహితురాళ్ళంతా కలిసి బోస్టన్ వెళ్తున్నామనీ, హోటల్ వాళ్ళతో ఎలా మాట్లాడితే రేటు దిగుతుందో చెప్పమనీ అడిగింది. న్యూజెర్సీలో మా పిస్కాటవే చుట్టుపక్కల బేరాలకి నాకున్న పేరు అలాంటిది. పిల్లల్ని వాళ్ళ నాయనమ్మకి అప్పజెప్పి వెళ్తోందట. ఆ మాట గుమ్మంలో నిలబడే తేలిగ్గా అనేసింది. హోటల్ కిటుకులు చెప్పి పంపించాను గాని, ఆ పూటంతా నాకు చేసే పని మీద మనసు నిలవలేదు. బోస్టన్ అనగానే అందరికీ ఓడరేవూ, ఎర్రిటుకల వీధులూ గుర్తొస్తాయేమో. నాకు మాత్రం పసుపు గుడ్డలో కట్టిన ఒక ముడుపు గుర్తొస్తుంది.

మా నాన్నది తెనాలి బజార్లో కిరాణా కొట్టు. మా మేనమామలవీ, పెదనాన్నవీ కూడా కొట్లే. ఎదుటి మనిషి సంచి పట్టుకున్న తీరు చూసి ఎంతవరకు దిగుతాడో చెప్పగలిగే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి, అమెరికా వచ్చాక కూడా చేతికంటిన ఆ విద్య వదల్లేదు. ధర చీటీ అంటించి ఉన్న వస్తువుకి కూడా నేను బేరం మొదలుపెడితే, మా ఆయన నాకేమీ కానట్టు పక్క వరసలోకి వెళ్ళి సబ్బులు చూస్తూ నిలబడేవారు.

ఆ రోజుల్లో మేము ముగ్గురం. మొగుళ్ళకి హెచ్-వన్ వీసాలు, మాకు ఉద్యోగం చేసే వీల్లేని డిపెండెంట్ వీసాలు. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే స్నేహితురాలూ నేనూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళం. పైఅంతస్తులో వరంగల్ అమ్మాయి, మా ముగ్గురిలో హైవే మీద కారు నడపగలిగినది అదొక్కతే. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ మొగుళ్ళు తీసుకెళ్తే వెళ్ళటమే గాని, మాకై మేము ఊరు దాటి ఎరగం. ఒక్కసారి, ఒక్క లాంగ్ వీకెండ్, మేం ముగ్గురమే బోస్టన్ వెళ్ళి రావాలని కోరిక పుట్టింది. మొగుళ్ళు సరేనన్నారు. అడ్డల్లా వదిన వాళ్ళ అత్తయ్యగారు. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చారావిడ. గయ్యాళి మనిషి కాదు. గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. కానీ మూడేళ్ళ కూతుర్నీ మొగుణ్ణీ వదిలేసి షికారుకి పోతున్నానని అత్తగారి మొహం మీద చెప్పటానికి వదినకి నోరు పెగల్లేదు.

సలహా నాదే.

"గుడికని చెబుదాం వదినా. పిట్స్‌బర్గ్ వెంకన్న దగ్గరికని. ఏ అత్తగారైనా కాదంటుందా?"

"దేవుడి పేరు చెప్పి షికారా? కళ్ళు పోతాయేమో!"

"దేవుడేమన్న బోస్టన్‌ల లేడా అక్కా? ఎక్కడికి పోతె అక్కడ దండం పెట్టుకుందాం, అయిపాయె" అంది వరంగల్ అమ్మాయి, కారు తాళాలు తిప్పుతూ.

శనివారం పొద్దున మేము కారెక్కుతుంటే అత్తయ్యగారు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. చేతిలో పసుపు గుడ్డ మూట. కొడుకు ఉద్యోగం పోతుందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయిన రోజుల్లో స్వామికి మొక్కుకుని కట్టిన ముడుపట అది. కోడలి చేతికివ్వలేదు; నాకిచ్చారు.

"హుండీలో నువ్వే వెయ్యమ్మాయ్. కొట్టువాళ్ళ పిల్లవి, నీ చేతిలో పెడితే తేడా రాదు."

మా వాళ్ళ గురించి అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు. ఆ మాట వినటానికి అంతకన్నా చెడ్డ సమయమూ నాకెప్పుడూ రాలేదు.

ముడుపుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని బోస్టన్ అంతా తిరిగాను. పేవ్‌మెంట్ మీద ఎర్రటి గీత గీసి ఉంటుందక్కడ, దాన్ని పట్టుకుని నడిస్తే పాత ఊరంతా చూపిస్తుంది. పాత చర్చిలూ, పలకల్లాంటి రాళ్ళు నిలబెట్టిన పాత సమాధులూ చూశాం. పన్ను కట్టేది లేదని తేయాకు పెట్టెల్ని సముద్రంలో పారబోసిన చోటు దగ్గర నిలబడి, గిట్టకపోతే బేరమాడాలి గాని సరుకు నీళ్ళపాలు చేస్తారటే అని నేను నిజంగానే బాధపడితే, వాళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. పార్కు కొలనులో హంస బొమ్మ పెట్టిన పడవలుంటాయి. వెనక కూర్చుని కుర్రాడు తొక్కుతుంటే చెట్ల నీడల్లో మెల్లగా తిరుగుతాయి. ముగ్గురికి రెండు టికెట్లు చాలవా అని నేనడిగితే ఆ కుర్రాడు, ఇన్నాళ్ళ సర్వీసులో ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వేనన్నాడు. పడవ మీద వదిన చిన్నపిల్లలా నవ్వింది. ఏడాదిగా గోడ అవతల ఉంటున్నా ఆ నవ్వు నేను వినలేదు. నవ్వుతూ నవ్వుతూ నా బ్యాగు వంక చూసి ఆగిపోయింది. ఆ మూడు రోజులూ అంతే. ఏది బాగున్నా, బాగుందనుకున్న మరుక్షణం బ్యాగులో ముడుపు గుర్తొచ్చేది.

తిరుగు ప్రయాణంలో తిన్నగా మన న్యూజెర్సీ వెంకన్న గుడికే తీసుకెళ్ళమన్నాను. హుండీ ముందు నిలబడి బేరం పెట్టాను: స్వామీ, ఒకటే సంస్థ, బ్రాంచి వేరు, దూరం తగ్గించుకున్నాను గాని మూటలో ఉన్నదాంట్లో తగ్గించలేదు. వేసేశాను. అక్కడి లడ్డూలే పొట్లం కట్టించుకున్నాను.

అత్తయ్యగారు ప్రసాదం కళ్ళకద్దుకుని, కారు ఆ గుడి కొండ మీదిదాకా వెళ్తుందా, జనం బాగా ఉన్నారా, అలంకారం ఏమిటి అని అడిగారు. ఏడాది కిందట మా ఆయనతో వెళ్ళినప్పుడు చూసిందంతా కలిపి, లేని పూలదండలు కూడా వేసి చెప్పాను. సరుకు అమ్మటం మొదలుపెట్టాక నాకు ఆగటం తెలియదు. ఆవిడ తలూపుతూ విన్నారు.

తరవాత కొన్నాళ్ళకి, తీసుకున్న గిన్నె తిరిగిచ్చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. మొగుడూ పెళ్ళాలు కూరగాయలకి వెళ్ళారు. సోఫాలో నాయనమ్మ, ఒళ్ళో మనవరాలు, దాని చేతిలో కెమెరా.

"నానమ్మా, లుక్! మమ్మీ బిగ్ డక్ మీద కూర్చుంది!"

కెమెరా తెర మీద హంస పడవ, అందులో నవ్వుతున్న వదిన.

"కూర్చో అమ్మాయ్. ఈ పడవ కాళ్ళతో తొక్కుతారా ఏమిటి? ఎంతసేపు తిప్పుతాడు?"

కొండ గురించి అడిగినప్పుడు లేని కుతూహలం ఆ గొంతులో ఉంది. నేను గబగబా, ఇక్కడి హుండీ అయినా ఆ స్వామిదేనండీ అంటూ ఏదో మొదలుపెట్టాను.

"వేశావుగా?"

"వేశానండీ."

"అయితే అది నువ్వూ ఆయనా చూసుకోండి." చూపు తెర మీది నుంచి తిప్పకుండానే అన్నారు. "ఆ రోజు తెల్లారే తలంటుకుని, సంచిలో రెండు చీరలు పెట్టుకున్నాను. గుడికే కదా, రమ్మంటారేమోనని. కారు కదిలాక తీసి మళ్ళీ అల్మరాలో పెట్టేశాను."

కారులో నా పక్క సీటు ఖాళీయే. చిప్స్ సంచులు పెట్టుకున్నాం దాంట్లో. ఆవిడకి తెలియకుండా ఉండటానికి అన్ని ఎత్తులు వేసిన మాకు, గుడికైనా బోస్టన్‌కైనా ఆవిడకీ రావాలని ఉంటుందేమోనన్న ఊహే రాలేదు. తెలిసి ఆడిన అబద్ధానికి సంజాయిషీ చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పను? తోచలేదండీ అని చెప్పనా?

"జూలై ఫోర్త్ సెలవులకి వెళ్దామండీ. నేనే తీసుకెళ్తాను" అన్నాను.

"నా ప్రయాణం జూన్‌లోనేగా" అని ఆవిడ నవ్వారు. "కొట్టువాళ్ళ పిల్లవి, బేరం ఆలస్యంగా మొదలుపెట్టావు." లేచి గిన్నె అందుకుంటూ, మెల్లగా అన్నారు: "నాకు తెలిసిందని మావాడితో అనకండి. నేను గుడనే నమ్మాననుకోనీ. అమ్మాయి ఆ ఫొటోలో బాగా నవ్వింది."

మోకాళ్ళు సహకరించక ఆవిడ మళ్ళీ అమెరికా రాలేదు. వదిన వాళ్ళు శాంటా క్లారా వెళ్ళిపోయారు. మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా బోస్టన్ మాట దాకా వచ్చి, పక్కనించి దాటేస్తాం.

కాలం మారింది. ఇప్పటి ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారో అత్తగార్ల మొహం మీదే చెప్పి పోతున్నారు. అత్తగార్లూ హాయిగా వెళ్ళి రండమ్మా అంటున్నారు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవలసిన పని తప్పింది, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. నేనూ ఆవిడ వయసుకి దగ్గరపడి, అబ్బాయీ కోడలూ ఉండే ఇంట్లోనే ఉంటున్నాను. మంచి పిల్లలు, అన్నీ చెప్పే వెళ్తారు. అడగరంతే. అడగాలని తోచదు, ఆనాడు నాకు తోచనట్టే. అయినా లాంగ్ వీకెండ్ శనివారాలు వాళ్ళు బ్యాగులు సర్దుకుంటుంటే, నేను ఎందుకో కాస్త పెందలాడే లేచి తలంటుకుంటాను.